తప్పిపోయిన బంతికీ ఒక పాయింటు

మా ఆఫీసులో ఒకాయన సెయింట్ కిల్డా జట్టు అభిమాని. అరవై దాటాయి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. నేను మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, ఈ ఊరివాళ్లతో మాట కలపాలంటే ఫుట్‌బాల్ గురించి ఏదో ఒకటి అడగాలి కదా అని, మీ జట్టు ఆడినవాటిలో మీకు బాగా గుర్తుండిపోయిన మ్యాచ్ ఏది అని అడిగాను. గెలిచిన ఫైనల్ ఏదో చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పింది డ్రా అయిన మ్యాచ్. చెప్పి ఊరుకోలేదు. తన లంచ్ డబ్బా పక్కనున్న అవకాడో తీసి టేబుల్ మీద నా వైపు దొర్లించాడు. కాయ సూటిగా వస్తూ వస్తూ, ఉన్నట్టుండి పక్కకు మళ్లి టేబుల్ అంచు దాకా పోయింది.

"చూశావా, అదే" అన్నాడు.

అదేంటో నాకు పూర్తిగా బుర్రకెక్కడానికి నాలుగైదు సీజన్లు పట్టింది. ఈలోగా రైల్లో, బడి గేటు దగ్గర, క్షౌరశాలలో కనిపించిన వాళ్లందరినీ ఇదే ప్రశ్న అడిగాను. కప్పు గెలిచిన రోజు గురించి చెప్పేవాళ్లు లేకపోలేదు. కానీ అడగ్గానే నోటికొచ్చేది ఎక్కువసార్లు ఇంకో రకం మ్యాచ్. వెంట్రుకవాసిలో పోయింది, అంపైర్ ఇవ్వలేదు, బంతి పక్కకు తిరిగింది, ఆట ముగిసిందని చెప్పే సైరన్ వినపడలేదు. ఈ జనం తత్వమే అంత కాబోలు, బాధను తవ్వుకోవడం ఇష్టమేమో అనుకున్నాను మొదట్లో. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఈ ఆటను కట్టిన తీరులోనే ఆ గుణం ఉంది. గురి తప్పిన బంతికి కూడా లెక్కలో చోటిచ్చే ఆట ఇది. అలాంటి ఆటను చిన్నప్పట్నుంచి చూసినవాళ్ల జ్ఞాపకాల్లో కూడా తప్పిపోయినవాటికి ఒక గడి వేరే ఉంటుంది.

ముందు ఆ లెక్క చూద్దాం, లేకపోతే మిగతాదంతా గాలిలో మాటల్లా ఉంటుంది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను ఇక్కడ ముద్దుగా ఫూటీ అంటారు. కోడిగుడ్డు ఆకారపు బంతి, అండాకారపు మైదానం, జట్టుకు మైదానంలో 18 మంది. ఆట నాలుగు భాగాలు. భాగానికి 20 నిమిషాలు, మధ్యలో ఆగిన సమయం కలుపుకుంటే అరగంట దాకా సాగుతుంది. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు. పైన అడ్డకర్ర లేదు, వెనక వల లేదు. మధ్య రెండూ పొడుగువి, అటూ ఇటూ ఉన్నవి పొట్టివి, ఒక్కో సందు 6.4 మీటర్లు. బంతిని కాలితో తన్ని మధ్య సందులోంచి పంపితే గోల్, 6 పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే దాన్ని బిహైండ్ అంటారు, 1 పాయింటు. మధ్య సందులోంచే పోయినా దారిలో ఎవరి చెయ్యి తగిలినా, పొడుగు స్తంభాన్ని రాసుకున్నా ఒక్క పాయింటే.

ఆ స్తంభాల దగ్గర గోల్ అంపైర్ నిలబడతాడు. బంతి దాటగానే వెంటనే ఏమీ చెప్పడు. ఒక్క క్షణం కదలకుండా ఉంటాడు, మైదానంలో ఉన్న అంపైర్ సరేనన్నాక రెండు చేతులూ నడుము ఎత్తున ముందుకు చాపి రెండు చూపుడు వేళ్లు చూపిస్తే గోల్, ఒక వేలు చూపిస్తే బిహైండ్. ఆ తర్వాత రెండు తెల్ల జెండాలో ఒక జెండానో ఊపుతాడు. ఆ వేళ్లు పైకి రావడానికి ముందున్న ఆ క్షణముందే, అప్పుడు తొంభై వేలమంది ఉన్న స్టేడియంలో కూడా పక్కవాడి ఊపిరి వినపడుతుంది. ఒక వేలా, రెండు వేళ్లా? అయిదు పాయింట్ల తేడా.

స్కోరు రాసే పద్ధతి కూడా తెలియాలి. 10.14 (74) అని ఉంటే అది దశాంశం కాదు. 10 గోల్స్, 14 బిహైండ్లు, మొత్తం 74. అంటే జట్టు ఎన్నిసార్లు గురి తప్పిందో స్కోరులోనే అచ్చువేసి ఉంటుంది. మన క్రికెట్ స్కోరుకార్డులో బ్యాటు అంచును తప్పించుకుని పోయిన బంతికి లెక్కేమీ ఉండదు. సాకర్‌లో బంతి స్తంభానికి తగిలి బయటికి పోతే అయ్యో అనుకోవడమే. 2022 అక్టోబరు 23న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో 90,293 మంది మధ్య భారత్, పాకిస్తాన్ ఆడిన టి20 మ్యాచ్‌ను మనవాళ్లు కథలుగా చెప్పుకుంటారు. కానీ అందులో కోహ్లీ చేసిన 82 పరుగులే కాగితం మీద ఉన్నాయి, అతన్ని తప్పించుకుపోయిన బంతులు లేవు. అదే మైదానంలో సెప్టెంబరులో ఫూటీ గ్రాండ్ ఫైనల్ జరిగితే తప్పినవన్నీ లెక్కకొస్తాయి.

మొదట్నుంచీ ఇలా లేదట. 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలయ్యే దాకా గోల్స్ ఒక్కటే గెలుపోటములు తేల్చేవి. బిహైండ్లను రాసుకునేవారు గానీ కలిపేవారు కాదు. ఆ ఏడాది నుంచి గోల్‌కు 6, బిహైండ్‌కు 1 అని పెట్టారు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, దాని పర్యవసానం విచిత్రం. తక్కువ గోల్స్ కొట్టిన జట్టు గెలవవచ్చు. 2023 గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ 13 గోల్స్ కొట్టి ఓడింది, కాలింగ్‌వుడ్ 12 కొట్టి 4 పాయింట్ల తేడాతో కప్పు ఎత్తుకుపోయింది. తిరగేసి చూస్తే 2008లో జీలాంగ్ 11.23 చేసింది. హాథార్న్ కంటే ఎక్కువసార్లు బంతిని అటువైపు దాటించి కూడా 26 పాయింట్లతో ఓడిపోయింది. ఆ రోజు హాథార్న్ ఆటగాళ్లు గోల్ కాకుండా ఉండడానికి బంతిని తామే గీత దాటించి, ఒక్క పాయింటు దానం చేసి, ఊపిరి పీల్చుకున్నారు. అలా 11 సార్లు. మరుసటి ఏడాదే దాని మీద నియమం బిగించారు. జీలాంగ్ అభిమానికి ఆ మ్యాచ్ గుర్తుచేయండి, 11.23 అన్న అంకె వాళ్ల నోట మంత్రంలా వస్తుంది.

ఇక సెయింట్ కిల్డా దగ్గరికి వద్దాం. ఈ ఒక్క పాయింటు ఎవరి బతుకులో ఎంత దూరం చొచ్చుకుపోగలదో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 1873లో పుట్టిన క్లబ్బు. 1897లో లీగ్‌లో చేరిన ఎనిమిది క్లబ్బుల్లో ఒకటి. చేరింది మొదలు మూడు సీజన్లు వరసగా ఓడింది. ఒకటీ రెండూ కాదు, 48 మ్యాచులు. 1900 సీజన్ మొదటి మ్యాచ్‌లో మెల్‌బోర్న్‌తో ఆడితే స్కోర్లు సమం అయ్యాయి. సెయింట్ కిల్డా వాళ్లు ఫిర్యాదు పెట్టారు: గంట కొట్టిన తర్వాత వచ్చిన ఒక బిహైండ్‌ను మెల్‌బోర్న్ ఖాతాలో వేశారని. విచారించి ఆ ఒక్క పాయింటు కొట్టేశారు. అలా మైదానంలో కాకుండా కాగితం మీద, ఒక్క పాయింటుతో, ఆ క్లబ్బు తన మొదటి గెలుపు చూసింది.

ఆ తర్వాత 66 ఏళ్లకు మళ్లీ అదే అంకె. 1966 గ్రాండ్ ఫైనల్, ప్రత్యర్థి కాలింగ్‌వుడ్, మైదానంలో లక్షకు పైగా జనం. చివరి నిమిషాల్లో స్కోర్లు సమంగా ఉన్నాయి. ఆటగాళ్ల గుంపులోంచి బంతి బయటపడింది, బ్యారీ బ్రీన్ అనే కుర్రాడు దాన్ని దొరకబుచ్చుకుని హడావిడిగా తన్నాడు. అందమైన తన్నేమీ కాదు. బంతి గాల్లో వంకర్లు పోయి, నేల మీద గెంతి, గోల్ తప్పి, పక్క సందులోంచి దొర్లిపోయింది. ఒక్క జెండా ఊపారు. కాలింగ్‌వుడ్ మళ్లీ బంతిని తెచ్చింది, సెయింట్ కిల్డా వెనకవరుసలో బాబ్ మర్రే దాన్ని గాల్లోనే పట్టేశాడు, సైరన్ మోగింది. 10.14 (74), 10.13 (73). పద్నాలుగో తప్పిదమే కప్పు తెచ్చింది. సెయింట్ కిల్డా ఇప్పటిదాకా గెలిచిన కప్పు అదొక్కటే.

మా ఆఫీసు పెద్దాయనకు అప్పుడు రెండేళ్లు. ఆయనకు ఆ మ్యాచ్ 'గుర్తుంది' అంటాడు, నేను నవ్వితే కోప్పడతాడు. వాళ్ల నాన్న చెప్పగా చెప్పగా ఆ బంతి ఏ వైపు నుంచి ఏ వైపు గెంతిందో కళ్లకు కట్టిందట. మన ఇళ్లల్లో తాతల నాటి వరదల గురించి, తుపానుల గురించి చూడనివాళ్లు కూడా చూసినట్టు చెప్పరూ, అలాగన్నమాట. ఇక్కడ జట్టును ఎంచుకోవడం తక్కువ, వారసత్వంగా రావడమే ఎక్కువ. పాత క్లబ్బుల్లో చాలావరకు మెల్‌బోర్న్ పేటల పేర్లతో ఉన్నవే: కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, కార్ల్‌టన్, ఎసెండన్, ఫిట్జ్‌రాయ్. ఇల్లు మారినా, ఊరు మారినా, పెళ్లయినా జట్టు మారదు. కాబట్టి ఒక అభిమాని 'నాకు గుర్తున్న మ్యాచ్' అంటే అందులో సగం ఆయన చూసినది, సగం ఇంట్లో విన్నది.

సెయింట్ కిల్డా రోజులు 2009లో మారేలా కనిపించాయి. సీజన్ మొదటి 19 మ్యాచులూ గెలిచింది. గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్. ఆ రోజు రెండో భాగంలో జీలాంగ్ కుర్రాడు టామ్ హాకిన్స్ తన్నిన బంతి పొడుగు స్తంభాన్ని రాసుకుని పోయింది. నియమం ప్రకారం ఒక వేలు. అంపైర్ రెండు వేళ్లు చూపించాడు. టీవీలో మళ్లీ మళ్లీ వేస్తే స్తంభానికి తగలడం అందరికీ కనపడింది, కానీ అప్పటికి వీడియో చూసి నిర్ణయం మార్చే పద్ధతి లేదు. అది 2012లో వచ్చింది. చివరికి జీలాంగ్ 12 పాయింట్లతో గెలిచింది కాబట్టి ఆ అయిదు పాయింట్లు ఒక్కటే ముంచాయని చెప్పడం అన్యాయం. సెయింట్ కిల్డా 9.14 చేసింది, జీలాంగ్ 12.8. తన కాళ్లే తనను ముంచాయి. ఈ మాట మాత్రం సెయింట్ కిల్డా అభిమాని ఎదుట అనకండి. నేనొకసారి అని చూశాను.

మరుసటి ఏడాది, 2010 సెప్టెంబరు 25. మళ్లీ గ్రాండ్ ఫైనల్, ఈసారి కాలింగ్‌వుడ్, 1,00,016 మంది జనం. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 24 పాయింట్లు ముందుంది. సెయింట్ కిల్డా కొంచెం కొంచెంగా తరుముకొచ్చింది. చివరి భాగంలో బ్రెండన్ గొడార్డ్ మనుషుల భుజాల మీదుగా లేచి బంతి పట్టి గోల్ కొట్టి జట్టును ముందుకు తెచ్చాడు. కాలింగ్‌వుడ్ మళ్లీ అందుకుంది. సైరన్‌కు రెండు నిమిషాలు కూడా లేదనగా కాలింగ్‌వుడ్ ఒకే ఒక్క పాయింటు ముందుంది. అప్పుడు లెన్నీ హేస్ దూరం నుంచి గోల్ వైపు తన్నాడు. బంతి స్తంభాల ముందు నేలకు దిగింది. అక్కడ స్టీఫెన్ మిల్న్ ఉన్నాడు, ఇలాంటి బంతుల మీదే బతికిన ఆటగాడు. మామూలుగా గెంతితే చేతుల్లోకి వస్తుంది, లేదా తనంతట తానే మధ్య సందులోంచి పోతుంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కదా, మొన తగిలిందా, పక్క తగిలిందా అన్నదాన్ని బట్టి దాని బుద్ధి మారుతుంది. గెంతింది. పక్కకు మళ్లింది. మిల్న్ వెంట పరుగెత్తాడు, అందలేదు. పక్క సందులోంచి దొర్లిపోయింది. ఒక వేలు.

68, 68. సైరన్.

అవకాడో సంగతి అది.

ఆ తర్వాతి దృశ్యం గురించి అక్కడున్నవాళ్లు చెప్పేది దాదాపు ఒకేలా ఉంటుంది. ఎవరూ అరవలేదు. ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడ గడ్డి మీద కూలబడ్డారు. జనానికి లేచి వెళ్లాలో, కూర్చోవాలో తెలియలేదు. గెలిచినవాళ్లు పాట పాడతారు, ఓడినవాళ్లు మౌనంగా గేటు వైపు నడుస్తారు. డ్రా అయితే ఏం చేయాలన్నది ఎవరికీ అలవాటు లేదు. అప్పటి నియమం ప్రకారం వారం తర్వాత మళ్లీ ఆడాలి. 1977లో కాలింగ్‌వుడ్, నార్త్ మెల్‌బోర్న్ ఫైనల్ 76, 76 దగ్గర ఆగినప్పుడు అలాగే ఆడారు. అక్టోబరు 2న మళ్లీ ఆడితే కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. ఆ మ్యాచ్ మొదట్లోనే సెయింట్ కిల్డా కెప్టెన్ నిక్ రీవోల్ట్ గోల్ గీత దగ్గర తీరిగ్గా తన్నబోతుంటే వెనక నుంచి హీత్ షా పరుగెత్తుకొచ్చి దూకి చేతులతో అడ్డుకున్నాడు. నోటికాడి కూడు లాక్కున్నట్టే. కాలింగ్‌వుడ్ వాళ్లకు తరతరాలు చెప్పుకునే ముచ్చట అది. సెయింట్ కిల్డా వాళ్లు మాత్రం ఆ రెండో మ్యాచ్ గురించి అసలు ఎత్తరు. 56 పాయింట్ల ఓటమిలో తవ్వుకోవడానికి ఏముంది? మనసు అతుక్కునేది ఆ గెంతు దగ్గరే. ఇంకో వింత చూడండి: 2009 ఫైనల్లో సెయింట్ కిల్డా స్కోరు 68, 2010 డ్రాలోనూ 68. మొదటిసారి తాను చేసిన 9.14 రెండోసారి కాలింగ్‌వుడ్ స్కోరు అయింది.

ఈ క్లబ్బు కథలో ఒక్క పాయింటు ఇంకోసారి అడ్డం తిరిగింది. 2006 ఏప్రిల్ 30న టాస్మేనియాలోని లాన్సెస్టన్‌లో ఫ్రీమాంటిల్‌తో మ్యాచ్. ఫ్రీమాంటిల్ ఒక్క పాయింటు ముందుండగా సైరన్ మోగింది, అంపైర్లకు వినపడలేదు. ఆట సాగిపోయింది. సెయింట్ కిల్డా ఆటగాడు తన్నిన బంతి బిహైండ్ అయి స్కోర్లు సమం అయ్యాయి. మైదానంలో పెద్ద రగడ. ఆ వారంలోనే లీగ్ కూర్చుని సైరన్ తర్వాత వచ్చిన ఆ పాయింటును కొట్టేసి ఫ్రీమాంటిల్ గెలిచిందని తేల్చింది. 1900లో గంట తర్వాతి బిహైండ్ కొట్టేసినందుకు వచ్చిన మొదటి గెలుపు ఎవరిదో గుర్తుందిగా. 106 ఏళ్లకు అప్పు వడ్డీ లేకుండా తీరింది.

అయితే అన్ని జ్ఞాపకాలనూ పాయింట్లతో కొలవలేం. 1993 ఏప్రిల్ 17న కాలింగ్‌వుడ్ సొంతగడ్డ విక్టోరియా పార్క్‌లో సెయింట్ కిల్డా 22 పాయింట్లతో గెలిచింది. ఆ అంకె ఎంతమందికి గుర్తుంటుందో నాకు అనుమానమే. ఆ రోజంతా ప్రేక్షకుల్లో కొందరు సెయింట్ కిల్డా ఆదివాసీ ఆటగాళ్లు నికీ విన్మార్, గిల్బర్ట్ మెక్‌ఆడమ్‌లను ఒంటిరంగు పేరుతో తిట్టారు. మ్యాచ్ అయిపోగానే విన్మార్ ఆ జనం వైపు తిరిగి, జెర్సీ ఎత్తి, తన ఒంటి మీద వేలు పెట్టి చూపించాడు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు అది పట్టుకున్నారు. ఈ దేశంలో ఆ ఫొటో చూడనివాళ్లు అరుదు. 2019లో పెర్త్ స్టేడియం దగ్గర ఆ భంగిమలోనే విన్మార్ విగ్రహం పెట్టారు. ఆ మ్యాచ్ అయిన రెండేళ్లకు, 1995లో, యుద్ధవీరులను తలుచుకునే ఆన్‌జాక్ డే నాడు ఎసెండన్, కాలింగ్‌వుడ్ మొదటిసారి తలపడి 111, 111 వద్ద డ్రా అయిన మ్యాచ్‌లో, ఎసెండన్ ఆటగాడు మైకేల్ లాంగ్ తనను జాతి పేరుతో దూషించారని ఊరుకోకుండా బయటపెట్టాడు. ఆ ఏడాదే జాతి దూషణను నిషేధిస్తూ లీగ్ నియమం తెచ్చింది. ఆదివాసీ కుటుంబాల్లో ఆ రెండు మ్యాచులకున్న విలువ వేరు. గోల్స్ ఎన్నో అడిగితే ముఖం చూస్తారు.

ఇంకో రకం జ్ఞాపకం ఉంది, అది చావు భయానికి సంబంధించినది. 1980లు, 90ల్లో మెల్‌బోర్న్ పేట క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయాయి. లీగ్ దేశమంతా విస్తరిస్తోంది, ఒకే ఊళ్లో ఇన్ని జట్లెందుకు, కలిపేద్దాం అన్న మాట వచ్చింది. 1996లో ఫిట్జ్‌రాయ్ వంతు వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 25న మెల్‌బోర్న్‌లో ఆఖరి మ్యాచ్ ఆడింది. రిచ్‌మండ్ 28.19 (187), ఫిట్జ్‌రాయ్ 5.6 (36). 151 పాయింట్ల ఓటమి. వారం తర్వాత పెర్త్‌లో ఫ్రీమాంటిల్ చేతిలో 86 పాయింట్లతో ఓడి, బ్రిస్బేన్‌లో కలిసిపోయింది. ఇంత ఘోరంగా ఓడిన మ్యాచ్‌ను ఎవరైనా మరచిపోవాలనుకుంటారు. ఫిట్జ్‌రాయ్ వాళ్లు మాత్రం ఆ టికెట్టు ముక్కను ఫ్రేము కట్టించుకున్నారు. చివరిసారి ఆ పాట, ఆ రంగులు. స్కోరుబోర్డు మీద ఏమున్నా ఒకటే.

సరిగ్గా ఆ వారాంతంలోనే, ఆగస్టు 31న, హాథార్న్, మెల్‌బోర్న్ జట్లు తలపడ్డాయి. ఈ రెంటినీ కలిపేయాలన్న ప్రతిపాదన సభ్యుల ఓటుకు రాబోతోంది. మైదానంలో ఒకరి మీద ఒకరు ఆడుతున్నారు, మరో ఏడాదికి ఒకే జెర్సీ వేసుకుంటారేమో తెలియదు. హాథార్న్‌కు ఫైనల్స్ చేరాలంటే గెలవాలి. జేసన్ డన్‌స్టల్ 10 గోల్స్ కొట్టాడు. హాథార్న్ గెలిచింది, తేడా ఎంతో చెప్పనక్కర్లేదు: ఒక్క పాయింటు. ఆట ముగిశాక క్రిస్ లాంగ్‌ఫర్డ్ జెర్సీ విప్పి జనం వైపు ఎత్తి పట్టుకున్నాడు. సెప్టెంబరులో ఓటు జరిగితే మెల్‌బోర్న్ సభ్యులు సరేనన్నారు, హాథార్న్ సభ్యులు వద్దన్నారు. పెళ్లి తప్పిపోయింది. హాథార్న్ ఆ తర్వాత 2008లో, 2013 నుంచి వరసగా మూడేళ్లు కప్పులు గెలిచింది. అయినా ఆ తరం హాథార్న్ అభిమానిని కదిపితే మొదట వచ్చేది ఆ విప్పిన జెర్సీయే.

ఇక మా పశ్చిమ శివార్ల సంగతి. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఇటువైపు పిల్లలకు బడిలో ముందుగా అంటుకునే జట్టు వెస్టర్న్ బుల్‌డాగ్స్, పూర్వపు ఫుట్స్‌క్రే. దాన్నీ 1989లో ఫిట్జ్‌రాయ్‌తో కలిపేయబోతే పేటవాళ్లు డబ్బాలు పట్టుకుని చందాలు వసూలు చేసి నిలబెట్టుకున్నారు. అప్పటికి ఆ జట్టు చివరిసారి కప్పు గెలిచింది 1954లో. 1997 సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో, దాన్ని ఇక్కడ ప్రిలిమినరీ ఫైనల్ అంటారు, అడిలైడ్ మీద సగం ఆటకు 31 పాయింట్లు ముందుంది. చివరి భాగంలో టోనీ లిబరాటోర్ తన్నిన బంతి గోల్ అయిందనుకుని అతను చేతులెత్తి పరుగు తీశాడు. జనం లేచారు. అంపైర్ ఒక వేలు చూపించాడు. అడిలైడ్ 12.21 (93), బుల్‌డాగ్స్ 13.13 (91). ఒక గోల్ ఎక్కువ కొట్టి రెండు పాయింట్లతో ఓడారు. ఆ బంతి గోలేనని మా వీధిలో ఒక రిటైర్డ్ డ్రైవర్ ఇప్పటికీ వాదిస్తాడు. స్తంభానికి లోపలి వైపు నుంచి పోయిందని తన గేటు చూపించి మరీ చెబుతాడు.

అందుకే 2016 అక్టోబరు 1న బుల్‌డాగ్స్ సిడ్నీని 22 పాయింట్లతో ఓడించి 62 ఏళ్ల తర్వాత కప్పు అందుకున్నప్పుడు, ఆయన ఏడ్చింది ఆ ఒక్క గెలుపుకు కాదని నాకనిపిస్తుంది. పాత బాకీలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. సీజన్‌లో ఏడో స్థానంలో ఉన్న జట్టు అంతకుముందెన్నడూ కప్పు గెలవలేదు. కెప్టెన్ బాబ్ మర్ఫీ మోకాలు దెబ్బతిని సీజన్ మొదట్లోనే పక్కకు తప్పుకున్నాడు. కోచ్ లూక్ బెవరిడ్జ్ వేదిక మీద మర్ఫీని పిలిచి తనకు వచ్చిన పతకం తీసి అతని మెడలో వేశాడు. గెలిచిన రోజు కూడా జనం కళ్లు వెతికింది ఆడలేకపోయినవాణ్ణే.

18 జట్లు, ఏడాదికి ఒక్క కప్పు. ఆటగాళ్ల జీతాలకు పరిమితి ఉంది, అట్టడుగున ఉన్న జట్టుకే కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడంలో ముందు వరస. అందరికీ సమానంగా పంచే ఏర్పాటే ఇది. అయినా మెల్‌బోర్న్ క్లబ్బు 1964 తర్వాత మళ్లీ గెలవడానికి 57 ఏళ్లు ఆగింది. అదీ ఎలా గెలిచింది? 2021లో కోవిడ్ కారణంగా గ్రాండ్ ఫైనల్ పెర్త్‌లో పెట్టారు. ఊరు ఊరంతా లాక్‌డౌన్‌లో ఉంది. జీవితమంతా ఎదురుచూసినవాళ్లు ఇంట్లో సోఫా మీద కూర్చుని టీవీలో చూశారు. 74 పాయింట్ల గెలుపు, వీధిలోకి వచ్చి కేకవేద్దామంటే కర్ఫ్యూ. వాళ్లకు అదీ ఒక తప్పిపోయిన మ్యాచే, గెలిచి కూడా.

2016లో లీగ్ ఒక నియమం మార్చింది. ఇకపై గ్రాండ్ ఫైనల్ డ్రా అయితే వారం ఆగడం లేదు, అప్పటికప్పుడే అదనపు సమయం ఆడి తేల్చేస్తారు. ఏర్పాట్లకూ, టికెట్లకూ, ఆటగాళ్లకూ అదే మేలని చెబుతారు, నిజమే కూడా. మొన్న మా పెద్దాయనతో అదే అన్నాను. 2010లో ఆ నియమం ఉండి ఉంటే మీ జట్టు ఆ సాయంత్రమే గెలిచేదేమో కదా అని.

గెలిచేదో ఓడేదో తెలియదు గానీ అని, కాసేపు ఆగాడు. ఆ ఆదివారం పొద్దున లేచి పేపరు తెచ్చుకున్నాడట. సోమవారం పనికి వెళ్లాడట. మంగళవారం వాళ్ల నాన్నను చూడడానికి వృద్ధాశ్రమానికి వెళ్తే, ఆయన 1966 బంతి ఎలా గెంతిందో మళ్లీ మొదట్నుంచి చెప్పాడట. శనివారం దాకా, ఏడు రోజులు, తాము ఓడలేదు.

చెప్పడం అయ్యాక అవకాడోను రెండు ముక్కలుగా కోసి బ్రెడ్డు మీద రాసుకున్నాడు. ఉప్పు అందించమన్నాడు.